కోడింగ్ రాదు... కొలువు మారొచ్చా?

'ప్రొడక్ట్ మేనేజరంటే... ఏం అమ్మాలిరా?'

కొడుకో కూతురో ఉద్యోగం మారతానన్నప్పుడు చాలా ఇళ్లలో అమ్మ అడిగే మొదటి ప్రశ్న ఇది. ఆవిడకు బ్యాంకు మేనేజర్ తెలుసు. సేల్స్ మేనేజర్ తెలుసు. ప్రాజెక్టు మేనేజరంటే సాఫ్ట్‌వేర్‌లో పెద్దపోస్టని పక్కింటివాళ్లు చెప్పగా వింది. ఈ ప్రొడక్టు సంగతే అంతుబట్టదు. రెండో ప్రశ్న నాన్నది. 'నువ్వు చదివింది బీకామ్. కంప్యూటర్ కంపెనీలో నిన్నెవరు తీసుకుంటారు?' మూడో ప్రశ్న పైకి వినపడదు, భార్యో భర్తో మనసులోనే అనుకుంటారు. 'ఇంటి లోను వాయిదా సంగతేమిటి?'

మూడూ సరైన ప్రశ్నలే. ముప్ఫై దాటాక, పిల్లల ఫీజులూ లోన్లూ నెత్తిమీద ఉన్నప్పుడు దారి మార్చుకోవాలంటే ఈ మూడింటికీ ఇంట్లోవాళ్ల ముందు జవాబు చెప్పగలగాలి. చెప్పలేకపోతే రాజీనామా మాట ఎత్తకపోవడమే మంచిది. చెప్పగలిగితే మాత్రం... కోడింగ్ రాదన్న ఒక్క కారణంతో ఆగిపోనక్కర్లేదు. అమ్మ ప్రశ్నతోనే మొదలుపెడదాం.

ఇంతకీ ఏం చేస్తారు?

పెళ్లి ఉదాహరణ తీసుకుందాం. పందిరి ఎప్పటికి వెయ్యాలి, వంటవాళ్లు ఎన్నింటికి రావాలి, బ్యాండు మేళం ఎక్కడిదాకా వచ్చింది... ఇవన్నీ చూసుకుంటూ ముహూర్తం దాటకుండా పని జరిపించేవాడు ప్రాజెక్టు మేనేజర్. అసలు వచ్చేవాళ్లెవరు, వాళ్లలో పెద్దవాళ్లెందరు, ముహూర్తం రాత్రి పదకొండింటికైతే ఆ వేళ ఇరవై రకాల విందు ఎవరు తింటారు, దాని బదులు వేడివేడి ఇడ్లీ, కాస్త పెరుగన్నం పెడితే అందరూ హాయిగా తిని పడుకోరూ... అని ముందే ఆలోచించేవాడు ప్రొడక్ట్ మేనేజర్. 'పని ఎలా జరగాలి, ఎప్పటికి జరగాలి' అన్నది మొదటివాడి చింత. 'ఏ పని చెయ్యాలి, ఎవరికోసం, ఎందుకు' అన్నది రెండోవాడిది.

సాఫ్ట్‌వేర్ కంపెనీలో కోడు రాసేవాళ్లుంటారు. తెర మీద ఏది ఎక్కడ కనపడాలో గీసే డిజైనర్లుంటారు. అమ్మేవాళ్లుంటారు. వాడేవాళ్లు బయట ఎక్కడో ఉంటారు. ఈ నలుగురి మధ్యా నిలబడి, వాడేవాళ్ల కష్టం ఏమిటో కనిపెట్టి, దానికి ఏం తయారుచెయ్యాలో తేల్చి, తయారయ్యాక అది నిజంగా పనికొచ్చిందో లేదో లెక్క చూసుకోవడమే ఈ ఉద్యోగం.

మన వీధి చివరి కిరాణా కొట్టుకే వెళ్దాం. యూపీఐ 2016లో వచ్చింది. క్రమంగా చిన్న కొట్లలోనూ క్యూఆర్ అట్టలు వేలాడాయి. ఓ చిక్కొచ్చిపడింది. కొట్టాయన చేతులు పప్పు తూస్తుంటాయి. ఫోను గల్లాపెట్టెలో ఉంటుంది. ఎదురుగా ఐదుగురు నిలబడి 'కొట్టేశానండీ' అంటుంటారు. ప్రతిసారీ చేతులు తుడుచుకుని మెసేజీ చూసుకోలేడు. చూడకపోతే పాత స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. దీనికి దొరికిన జవాబేమిటో మీరు రోజూ వింటూనే ఉన్నారు... డబ్బు పడగానే ఎంత పడిందో తెలుగులో గట్టిగా అరిచే చిన్న డబ్బా! అందులో అబ్బురపరిచే సాంకేతికత ఏమీ లేదు. కొట్టాయన చేతులు ఖాళీగా లేవన్నది గమనించడమే అందులోని గొప్ప. ఆ గమనింపే ఈ ఉద్యోగానికి పెట్టుబడి.

ఇంకొకటి. ఫ్లిప్‌కార్ట్ 2010లో, సరుకు ఇంటికొచ్చాకే డబ్బిచ్చే పద్ధతి పెట్టింది. అప్పట్లో చాలామందికి క్రెడిట్ కార్డు లేదు. ఉన్నవాళ్లకు కూడా కంటికి కనపడని దుకాణానికి ముందే డబ్బు కట్టాలంటే భయం. వెబ్‌సైట్‌కు ఎన్ని హంగులు అద్దినా ఆ భయం పోదు. సరుకు చేతిలో పెట్టి డబ్బడిగితే పోతుంది. కష్టం ఎక్కడుందో అక్కడే మందు రాయడమంటే ఇదే.

సబ్బుల కంపెనీలో పుట్టిన ఉద్యోగం

ఇక నాన్న ప్రశ్న. కంప్యూటర్ చదవనివాళ్లను ఎవరు తీసుకుంటారు?

ఆశ్చర్యమనిపించొచ్చుగానీ, ఈ ఉద్యోగం పుట్టింది కంప్యూటర్ కంపెనీలో కాదు. అమెరికాలో సబ్బులు చేసే ప్రోక్టర్ అండ్ గాంబుల్ కంపెనీలో నీల్ మెకెల్‌రాయ్ అనే యువకుడు కామే సబ్బు ప్రకటనలు చూసేవాడు. అదే కంపెనీ వాళ్ల ఐవరీ సబ్బు నీడలో కామే ఎదగలేకపోతోందని అతని బాధ. 1931 మే 13న పైవాళ్లకు మూడు పేజీల ఉత్తరం రాశాడు. ఒక్కో బ్రాండుకు ఒక్కో మనిషి పూర్తి బాధ్యత తీసుకోవాలి. సరుకు ఎక్కడ బాగా పోతోందో, ఎందుకు పోతోందో చూడాలి. ఎక్కడ పోవడంలేదో అక్కడికి వెళ్లి దుకాణదారులతోనూ కొనేవాళ్లతోనూ మాట్లాడాలి. కారణం కనిపెట్టి మందు వెయ్యాలి. మళ్లీ వెళ్లి ఫలితం చూసుకోవాలి... ఇదీ ఉత్తరం సారాంశం. మెకెల్‌రాయ్ చదివింది అర్థశాస్త్రం. తర్వాత ఆ కంపెనీకే అధ్యక్షుడయ్యాడు. 1957లో అమెరికా రక్షణ మంత్రి కూడా అయ్యాడు.

సబ్బుల నుంచి సాఫ్ట్‌వేర్‌కు దారి ఎలా పడిందో చూడండి. అదే ప్రోక్టర్ అండ్ గాంబుల్‌లో బ్రాండు పని నేర్చుకున్నవాడు స్కాట్ కుక్. ఇంటి బిల్లులూ చెక్కుబుక్కు లెక్కలతో వాళ్లావిడ విసుగెత్తిపోవడం చూశాడు. ఈ బాధ ప్రతి ఇంట్లో ఉండేదే కదా అనుకున్నాడు. కోడు రాయడానికి స్టాన్‌ఫర్డ్ విద్యార్థి టామ్ ప్రూను వెతికి పట్టుకుని, 1983లో ఇద్దరూ కలిసి ఇన్‌ట్యూట్ కంపెనీ పెట్టారు. ఇంటి లెక్కల కోసం క్వికెన్ తయారుచేశారు. కొన్నాళ్లకు ఓ వింత కనిపించింది. ఇంటికోసం చేసినదాన్ని చాలామంది తమ చిన్న వ్యాపారాల లెక్కలకు వాడుకుంటున్నారు. అకౌంటింగ్ ప్యాకేజీలు బజార్లో ఉండగా ఇదెందుకు? డెబిట్, క్రెడిట్, లెడ్జరు అన్న మాటలంటేనే వాళ్లకు బెదురు! అలా అకౌంటింగ్ రానివాళ్ల కోసం 1992లో క్విక్‌బుక్స్ వచ్చింది. కొనుక్కున్నవాళ్ల అనుమతితో వాళ్ల ఇంటికో ఆఫీసుకో వెళ్లి, ఎలా వాడుతున్నారో పక్కన కూర్చుని చూడటం ఆ కంపెనీలో ఒక ఆనవాయితీ.

మరి 'టెక్నికల్ అయితేనే' అన్న నియమం ఎక్కణ్నుంచి వచ్చింది? అదీ గాలివాటంగా వచ్చింది కాదు. గూగుల్ 2002లో కుర్రవాళ్లను ఈ పనికి తయారుచెయ్యడానికి ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లనే ఏరికోరి తీసుకుంది. వాళ్లు తయారుచేసేది అలాంటిది మరి. చాలా కంపెనీలు ఆ దారే పట్టాయి. ఇప్పటికీ క్లౌడ్, డేటాబేస్, ప్రోగ్రామర్లే వాడుకునే పనిముట్లు తయారుచేసే చోట ఇంజినీరింగ్ తెలియనివాళ్లకు కష్టమే. అక్కడ వాడేవాడూ ఇంజినీరే. అతని కష్టం తెలియాలంటే ఆ పని చేసుండాలి.

ఆ వాక్యాన్నే తిరగేసి చూడండి. వాడేవాడు బ్యాంకు గుమస్తా అయితే? బడి పంతులైతే? మందుల షాపాయనైతే? ఆసుపత్రి కౌంటర్లో కూర్చున్న అమ్మాయైతే? అప్పుడు ఆ పని చేసినవాళ్లదే పైచెయ్యి కావాలి కదా! కోడింగ్ రానివాళ్లు ఈ రంగంలోకి వచ్చే అసలైన తలుపు ఇదే. పాత వృత్తిని వదిలించుకుని కాదు... దాన్ని మూటగట్టుకుని రావాలి.

ఆ కౌంటర్లో ఎనిమిదేళ్లు

ఊరికే అనుకుందాం. ఓ అమ్మాయి పెద్ద ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్కులో ఎనిమిదేళ్లుగా పనిచేస్తోంది. బీకామ్ చదివింది. క్యాష్‌లెస్ ఫారాలు నింపడం, బీమా కంపెనీకి పంపడం, వాళ్లడిగిన ప్రశ్నలకు జవాబులివ్వడం, ఇంటికి పంపడం ఆలస్యమైనప్పుడు రోగి బంధువులతో మాటలు పడటం... ఇదీ ఆమె ఉద్యోగం. తనకు ఏ నైపుణ్యమూ లేదని ఆమె నమ్మకం. నిజమేనా?

2024 మేలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఓ నిబంధన తెచ్చింది. క్యాష్‌లెస్ చికిత్సకు అనుమతి కోరితే బీమా కంపెనీ గంటలోపు తేల్చాలి. డిశ్చార్జి సమయంలో తుది అనుమతిని ఆసుపత్రి అడిగిన మూడు గంటల్లోపు ఇవ్వాలి. ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ దీన్ని చూసి 'బీమా కంపెనీకి కాగితాలు చకచకా పంపే యాప్ చేద్దాం, రోగులు త్వరగా ఇంటికెళ్తారు' అనుకుందనుకోండి. తెలివైన ఇంజినీర్లు కూర్చుని ఆరునెలల్లో చక్కటి యాప్ చేస్తారు. రోగులు మాత్రం సాయంత్రం దాకా అలాగే కూర్చునుంటారు!

ఎందుకో ఆ అమ్మాయికి తెలుసు. మూడు గంటల గడియారం మొదలయ్యేది ఆసుపత్రి కాగితాలు పంపిన తర్వాత. రోగి గడియారం మాత్రం పొద్దున రౌండ్లకొచ్చిన డాక్టరు 'ఇక ఇంటికెళ్లొచ్చు' అన్న క్షణం నుంచే తిరుగుతుంది. ఆ రెంటి మధ్యా ఏం జరుగుతుంది? వాడని మందులు వార్డు నుంచి ఫార్మసీకి తిరిగి వెళ్లాలి. అవి వెళ్తేగానీ తుది బిల్లు తేలదు. డిశ్చార్జి సమ్మరీ టైపు చేశాక డాక్టరు సంతకం కావాలి. ఆయనేమో ఆపరేషన్ థియేటర్లో ఉంటాడు. సమ్మరీలో ఒక తేదీ, ఫారంలో ఇంకో తేదీ ఉంటే బీమా కంపెనీ ప్రశ్న వేసి వెనక్కి పంపుతుంది. మళ్లీ మొదటికొస్తుంది. అసలు ఆలస్యం చాలాసార్లు కాగితం గడప దాటక ముందే జరిగిపోతోంది. కాబట్టి తయారుచెయ్యాల్సింది కాగితం పంపే యాప్ కాదు. రేపు ఇంటికెళ్లబోయేవాళ్లెవరో ఈ రాత్రికే వార్డుకు, ఫార్మసీకి, టైపు చేసేవాళ్లకు తెలియజేసి, తేదీలు కలవకపోతే పంపకముందే పట్టుకునే ఏర్పాటు.

ఈ సంగతి కోడు పుస్తకాల్లో ఉండదు. ఎనిమిదేళ్లు ఆ కౌంటర్లో తిట్లు తిన్నవాళ్ల దగ్గరే ఉంటుంది. ఆసుపత్రులకు, బీమా కంపెనీలకు సాఫ్ట్‌వేర్ చేసే సంస్థకు ఇలాంటి మనిషి అవసరం ఎంతుంటుందో మీరే ఊహించండి. పంతుళ్లకు బడి హాజరు, మార్కుల గోల తెలుసు. మెడికల్ రిప్రజెంటేటివ్‌కు స్టాకిస్టు దగ్గర సరుకు ఎందుకు నిలిచిపోతుందో తెలుసు. బ్యాంకు ఉద్యోగికి కేవైసీ కాగితం ఎక్కడ ఆగుతుందో తెలుసు. కాల్‌సెంటర్లో చేసినవాళ్లకైతే జనం ఏ మాటతో ఫోను పెట్టేస్తారో కూడా తెలుసు!

చిక్కల్లా ఒక్కటే. మనకు తెలిసింది మనకు మామూలుగా అనిపిస్తుంది. 'ఇది అందరికీ తెలిసిందేగా' అనుకుంటాం. అందుకే రెజ్యూమెలో 'ఎనిమిదేళ్ల అనుభవం, బృందంతో కలిసి పనిచేయగలను' అని రాసి ఊరుకుంటాం. తెలిసినదాన్ని రాసి చూపించడం నేర్చుకోవాలి.

టెక్నాలజీ... ఎంత వరకు?

కోడింగ్ రాకపోవడం వేరు, సాఫ్ట్‌వేర్ గురించి తెలుసుకోననడం వేరు. మొదటిదానికి మన్నింపు ఉంది. రెండోదానికి లేదు. హోటలు యజమాని దోసె పొయ్యకపోయినా ఫర్వాలేదు. పిండి పులవడానికి రాత్రంతా పడుతుందని తెలియకపోతే మాత్రం వంటవాడి ముందు పరువు పోతుంది.

మూడు విషయాలు కచ్చితంగా రావాలి. మొదటిది, ఒక యాప్ లోపల ఏమేం ఉంటాయన్న అవగాహన. మనకు కనపడే తెర, సమాచారం దాచే డేటాబేస్, ఈ రెంటి మధ్యా కబుర్లు మోసే ఏపీఐ. ఏపీఐ అంటే హోటల్లో సర్వర్‌లాంటిదే. మనం వంటింట్లోకి వెళ్లం. అతనికి చెబితే తెచ్చిపెడతాడు. మెనూలో లేనిది అడిగితే తేలేడు. రెండోది, లెక్కలు చూడటం. ఎక్సెల్ బాగా రావాలి. డేటాబేస్‌ను ప్రశ్నలడిగే ఎస్‌క్యూఎల్ కొంచెమైనా రావాలి. 'పోయిన నెల ఎన్ని క్లెయిములు వెనక్కొచ్చాయి, ఏ కారణంతో?' అన్నది ఎవర్నీ బతిమాలకుండా మీరే చూసుకోగలగాలి. డిగ్రీ ఏదైనా సరే, రోజుకో గంట కూర్చుంటే రెండు మూడు నెలల్లో పట్టుబడే విద్యే ఇది.

మూడోది వినయం. 'చిన్న బటనే కదా, రేపటికి పెట్టెయ్యండి' అన్న మాట ఇంజినీర్ల దగ్గర అనకూడదు. ఉదాహరణకు ఒక యాప్‌ను తెలుగులో తేవాలనుకోండి. మాటలు అనువదిస్తే అయిపోయిందనిపిస్తుంది. ఇంగ్లిషులో నాలుగక్షరాల మాట తెలుగులో బటను దాటి బయటికొస్తుంది. ఒత్తులు కిందివరసకు తగిలి తెగిపోతాయి. 'లక్ష్మి' అని ఒకరు, 'లక్ష్మీ' అని ఇంకొకరు కొడితే వెతుకులాటలో దొరకదు. 'ఎందుకింత సమయం పడుతుంది?' అని ఎత్తిపొడుపు లేకుండా అడిగి, ఓపిగ్గా వినేవాళ్లకు ఇంజినీర్లే గురువులవుతారు.

ఇప్పుడు కృత్రిమ మేధ సాయం కూడా ఉంది. ఏం కావాలో మాటల్లో చెబితే పనిచేసే నమూనా తయారుచేసిచ్చే పనిముట్లు వచ్చాయి. కోడింగ్ రానివాళ్లకు ఇది వరమే. అయితే అవి అందరి చేతిలోనూ ఉన్నాయి. నమూనా తయారుచెయ్యడం తేలికైన కొద్దీ, ఏది తయారుచెయ్యాలో తెలిసినవాడి విలువే పెరుగుతుంది. మళ్లీ మొదటికే వచ్చాం... ఆ కౌంటరు దగ్గరికే.

వాయిదా ఆగకుండా...

ఇక మూడో ప్రశ్న. అడగకపోయినా జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

నిజం చెప్పుకోవాలంటే ఈ ఉద్యోగాలు కోకొల్లలుగా లేవు. పదిమంది ఇంజినీర్లున్న చోట ప్రొడక్ట్ మేనేజర్ ఒక్కరుంటే ఎక్కువ. అనుభవం లేనివాళ్లకు నేరుగా ఇచ్చేవి మరీ తక్కువ. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. అలాంటి గాలి వీచినప్పుడు అనుభవమున్నవాళ్లే మీతోపాటు వరసలో నిలబడతారు. కాబట్టి ముందు రాజీనామా, తర్వాత వెతుకులాట అన్న పద్ధతి వద్దు.

అన్నిటికంటే దగ్గరి దారి మీరున్న సంస్థలోనే ఉంటుంది. కొత్త సాఫ్ట్‌వేర్ పెడుతున్నప్పుడు 'సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసి చెప్పండి' అంటూ ఏ శాఖ నుంచైనా ఒకర్ని అడుగుతారు. అందరూ తప్పించుకునే పని అది. మీరు చెయ్యెత్తండి. తప్పులు రాసిపెట్టండి. పక్కవాళ్లకు నేర్పండి. సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు ఏదైనా అడగాలంటే మీకే ఫోను చేసే పరిస్థితి తెచ్చుకోండి. పేరు మారకముందే పని మారిపోతుంది.

రెండో దారి, మీ రంగానికి సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో పక్క తలుపు. బిజినెస్ ఎనలిస్టు, ఇంప్లిమెంటేషన్, కస్టమర్ సక్సెస్, ప్రొడక్ట్ ఆపరేషన్స్... ఇలా రకరకాల పేర్లతో ఉండే ఈ ఉద్యోగాలకు మీ రంగం తెలియడమే ప్రధాన అర్హత. అక్కడ ఏడాదో రెండేళ్లో ఇంజినీర్ల పక్కనే కూర్చుంటే లోపలి తలుపు తెలుస్తుంది. జీతం మొదట్లో పెరగకపోవచ్చు. ఒక్కోసారి తగ్గొచ్చు కూడా. అందుకే ఇంట్లో అందరూ కూర్చుని లెక్క వేసుకోవాలి. ఆరునెలల వాయిదాలూ ఫీజులూ పక్కన పెట్టుకున్నాకే అడుగు వెయ్యాలి. జీతం ఎంత తగ్గినా ఫర్వాలేదో ముందే ఒక అంకె అనుకుంటే తర్వాత ఇంట్లో మాటామాటా రాదు.

కోర్సుల మాటేమిటంటారా? పద్ధతులు, పదాలు తెలుసుకోవడానికి పనికొస్తాయి. పదిమంది పరిచయమవుతారు. అంతవరకే. లక్షలు కట్టించుకుని 'వంద శాతం ఉద్యోగం గ్యారంటీ' అనేచోట, ఆ గ్యారంటీకి కింద చిన్నక్షరాల్లో ఏ షరతులున్నాయో చదివి సంతకం పెట్టండి. అప్పుచేసి మాత్రం చేరొద్దు.

ఇంకో దారి ఉంది. వెళ్లకూడని దారి. మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు పుట్టిస్తామనేవాళ్లు హైదరాబాదులో కొత్తేమీ కాదు. అమీర్‌పేట మెట్లెక్కిన ప్రతి కుర్రాడికీ ఈ మాట ఎక్కడో ఒకచోట చెవిన పడే ఉంటుంది. ఇవాళ పీఎఫ్ యూఏఎన్ నంబరు చూస్తే ఎవరు ఎక్కడ ఎన్నాళ్లు చేశారో బయటపడుతుంది. చేరాక దొరికితే ఉద్యోగమే కాదు, నిజంగా చేసిన ఎనిమిదేళ్ల అనుభవం మీద నమ్మకం కూడా పోతుంది. మీ దగ్గరున్న అసలు బంగారాన్ని గిల్టుతో కలపొద్దు.

పేరుకే మేనేజర్

అన్నీ కుదిరాయి, ఉద్యోగం వచ్చింది. అప్పుడు తెలిసే సంగతి ఒకటుంది. హోదాలో మేనేజర్ అని ఉన్నా మీ కింద ఎవరూ ఉండరు! ఇంజినీర్లు వాళ్ల అధికారికి జవాబు చెబుతారు, మీకు కాదు. ఆజ్ఞాపించే అధికారం లేకుండా పని జరిపించాలి. యాప్ బాగుంటే పేరు అందరిదీ, బాగోకపోతే వేలు మీవైపు. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు పాత్రలాంటిది. అందరికీ నచ్చజెప్పాలి, ఎవరూ నొచ్చుకోకూడదు, వంట మాత్రం వేళకు కావాలి.

అన్నిటికంటే కష్టమైనది 'వద్దు' అనడం. సేల్స్ వాళ్లు ఒకటి అడుగుతారు. పెద్ద కస్టమరు ఇంకొకటి అంటాడు. పై అధికారికి ఆదివారం ఏదో ఆలోచన వస్తుంది. అన్నిటికీ తలూపితే ఏదీ పూర్తికాదు. కారణం చెప్పి, లెక్క చూపించి, మొహం చిట్లించకుండా కాదనాలి. రోజంతా మీటింగులు, రాయడం, మళ్లీ రాయడం. ఒకే పని నిశ్శబ్దంగా చేసుకోవడం ఇష్టమైనవాళ్లకు ఇది నరకం. నలుగురి మధ్య చిక్కుముడి విప్పడం ఇష్టమైనవాళ్లకు పండగ. జీతం చూసి కాక, ఈ రెంటిలో మీరెవరో చూసుకుని తేల్చుకోండి. పక్కింటబ్బాయికి లక్షల ప్యాకేజీ వచ్చిందన్నది కారణం కాదు.

రెండు పేజీలు చాలు

ఇంటర్వ్యూల్లో మీ డిగ్రీ కంటే ఎక్కువగా పరీక్షించేది మీ ఆలోచనా క్రమాన్ని. 'మీరు రోజూ వాడే యాప్‌లో ఏం మారుస్తారు, ఎందుకు?' అని అడుగుతారు. రంగు మారుస్తాననేవాళ్లు వెనక్కొస్తారు. 'మా అమ్మ ఇందులో కరెంటు బిల్లు కట్టబోయి ఇక్కడ ఆగిపోతుంది, కారణం ఇది, ఇలా మారిస్తే ఇంతమంది ఆగకుండా ముందుకెళ్తున్నారో లేదో ఇలా చూస్తాను' అనేవాళ్లు ముందుకెళ్తారు.

దానికి సాధన ఈ వారమే మొదలుపెట్టొచ్చు. ఖర్చేమీ లేదు. మీ ఉద్యోగంలో రోజూ విసుగు తెప్పించే ఒక్క పని ఎంచుకోండి. అది ఎవరిని బాధపెడుతోంది? ఎక్కడ ఆగుతోంది? ఇప్పుడు జనం దాన్ని ఎలా నెట్టుకొస్తున్నారు? మీరైతే ఏం మారుస్తారు? మారింది మంచికేనని ఏ లెక్క చూసి నమ్ముతారు? ఈ ఐదింటికీ జవాబులు రెండు పేజీల్లో రాయండి. ఒక జాగ్రత్త... రోగుల పేర్లు, ఖాతాదారుల వివరాలు, ఆఫీసు లోపలి అంకెలు ఒక్కటి కూడా అందులో ఉండకూడదు. నమ్మకం పోగొట్టుకుని తెచ్చుకునే ఉద్యోగం నిలవదు.

రాశాక ఇంట్లో చదివి వినిపించండి. మీ రంగం తెలియని అమ్మకు అర్థమైందా? నాన్న 'అయితే ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదా?' అన్నారా? అర్థంకాకపోతే మళ్లీ రాయండి. వారానికొకటి చొప్పున రాస్తే మూడు నెలల్లో పన్నెండు పోగవుతాయి. వాటిలో మంచివి రెండు తీసి మీ రంగంలో సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకు చూపించండి.

పన్నెండు రాసేలోపే విసుగొచ్చిందా? అదీ మంచిదే. ఈ ఉద్యోగం మీకు సరిపడదని రాజీనామా ఇవ్వకుండా, ఒక్క వాయిదా ఎగ్గొట్టకుండా తెలుసుకున్నట్టే.